కనుమ మొదట్లో నిమ్మకాయ

చిరంజీవి తమ్ముడు రెడ్డెప్పకు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం ముందు పెట్టుకున్నాను, రెండుసార్లూ మడిచి సొరుగులో పడేశాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు మాటకు మాట అడ్డం వేస్తావు, చివరికి సిగ్నల్ లేదని పెట్టేస్తావు. ఉత్తరానికి అడ్డం పడడం నీ వల్ల కాదు. ఎల్లుండి ఖాదర్‌బాషా ఊరికి వస్తున్నాడు. అతని చేతికిచ్చి పంపుతున్నాను.

నేను కులాసాగానే ఉన్నాను. నువ్వెట్లా ఉన్నావని అడగను. అన్న అంగడిని అన్నకు తెలియకుండా బేరం పెట్టినవాడికి ఒంట్లో ఏ నలతా ఉండదు. మరదలు సుగుణమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పిల్లలిద్దరూ సరిగా చదువుకుంటున్నారా? వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదని వాళ్లకు చెప్పు.

పోయిన శుక్రవారం ఇక్కడే కువైట్‌లో, అర్దియాలో ఉండే ఖాదర్‌బాషా గదికి పోయాను. మన రాయచోటివాడే, అక్కడ గ్యారేజీలో పని చేస్తాడు. ఊరి నుంచి ఏదో వచ్చిందంటే చెనక్కాయల పొడి అనుకున్నాను. అతను ఒక కవరు తీసి ఇచ్చాడు.

"ఏంది బాషా ఇది?"

"మీ తమ్ముడు మా బామ్మర్దితో పంపినాడున్నా. పవరు పత్రమంట, నీ బదులు తను అమ్మేదానికి. నువ్వు ఎంబసీకి పోయి సంతకం పెట్టాలంట. సైకిలంగడిని సెల్‌ఫోన్లోళ్లకు ఇచ్చేస్తాండాడంట."

"నాకు ఒక మాట చెప్పకుండానా?"

"చెప్తాండాడు కదన్నా, కాగితంతో."

ఆ కాగితానికి గుండుసూదితో నువ్వు గుచ్చిన చీటీ కూడా చదివాను. 'ఈ కాలంలో సైకిలు ఎవురు తొక్కుతారున్నా' అని రాశావు. ఆ ఒక్క ముక్కకే ఈ ఉత్తరం. ఎవరు తొక్కుతారో చెబుతాను, స్టూలు వేసుకుని కూర్చుని చదువు. స్టూలు కూడా అమ్మేసి ఉంటే నిలబడే చదువు.

నేను పనిచేసే ఇంటి యజమాని, మా బాబా, సాల్మియాలో ఉంటాడని నీకు తెలుసు. ఆయనకు మూడు కార్లున్నాయి, ఐదు సైకిళ్లున్నాయి. కార్లు నేను తోలుతాను, సైకిళ్లు ఆయన తొక్కుతాడు. ఇరవై రెండేళ్ల కింద నన్ను డ్రైవరుగానే పెట్టుకున్నాడు. ఒకరోజు ఆయన సైకిలు చక్రం సొట్టపోతే, అంగడికి పంపేలోపల నేను చువ్వలు బిగించే నిపిల్ తాళంతో బెండు తీసి ఇచ్చాను. అప్పటినుంచి నా ఉద్యోగం రెండైంది, జీతం ఒకటే ఉంది. తెల్లారగానే ఆయన సముద్రం ఒడ్డు రోడ్డు మీద తొక్కుతుంటాడు. ఈ దేశంలో కొండ లేదు. దోసె పెనం మీదైనా మధ్యలో కాస్త పల్లం ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. అందుకని కొండెక్కడం నేర్చుకోవాలంటే ఫ్లైఓవరే గతి. ఒకే ఫ్లైఓవరును ఇరవైసార్లు ఎక్కి ఇరవైసార్లు దిగుతాడు. వెనక నేను లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ కారులో. పోలీసువాళ్లు కూడా ఇప్పుడు చెయ్యి ఊపి పోతున్నారు.

ఈ ఎండాకాలం ఆయనా, ఆయన స్నేహితులు ఏడుగురూ ఆస్ట్రియాలో కొండల మధ్య ఒక లోయకు పోయారు. వెనక వ్యాను తోలడానికి, చక్రాలు చూడడానికి నన్ను కూడా తీసుకుపోయారు. నేను పంపిన ఫొటో ఒకటి నువ్వు ఊరందరికీ చూపించి, 'మా అన్న స్విట్జర్లాండులో మజా చేస్తాండాడు' అన్నావట. అది స్విట్జర్లాండు కాదు. మజా అంతకన్నా కాదు.

లోయ అంటే నడుమ ఒక ఏరు, ఏటికి రెండు పక్కలా రోడ్డు. మొదటి రోజు ఏటి వెంబడే పోయాం. అంతా మట్టమే, నడుమ నడుమ ఆవుల పాకలు, ఆవుల మెడల్లో మన పూజగంటలకన్నా పెద్ద గంటలు. ముసలమ్మలు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు కూడా సైకిళ్ల మీద మమ్మల్ని దాటిపోయారు. రెండో రోజు చెరువు చుట్టూ తిరిగే దారి. ఆ చెరువు నీళ్లలో చెయ్యి పెట్టాను, వేళ్లు నావేనా అని లెక్క చూసుకోవలసి వచ్చింది. మూడో దారి కనుమ. దాని కోసమే అందరూ వచ్చింది. మలుపు మలుపుకూ నంబరు పలక పెట్టారు. ఎంత వాలు, ఎంత ఎత్తు, ఇంకా ఎంత ఉంది అన్నీ దాని మీద రాసి ఉంటాయి. మనిషిని కష్టపెట్టే దారికి అంత మర్యాద ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆ కొండలతో నాకు పొత్తు కుదరలేదు. మన గువ్వలచెరువు ఘాటులో కోతులుంటాయి, పాలకోవా అంగళ్లుంటాయి, వేడెక్కిన లారీ పక్కన చక్రానికి రాయి పెట్టి బీడీ కాల్చే డ్రైవరుంటాడు. మనిషిని పలకరించేది ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ కొండ తెల్లగా నిలబడి నీ మొహం వంక చూస్తుంది, అంతే. తిండి అంటే రొట్టె, ఉర్లగడ్డ, చెప్పు అట్టలాంటి చీజు. నేను తీసుకుపోయిన గోంగూర పచ్చడి రెండో రోజుకే అయిపోయింది. ఎనిమిది మంది ముందు అరబ్బీలో మాట్లాడుకుంటూ పోతుంటే, వెనక వ్యానులో నాతో మాట్లాడేది దారి చెప్పే ఫోనులోని ఆడమనిషి ఒక్కతే. ఆమె కూడా 'వెనక్కి తిరుగు' అనే ఎక్కువసార్లు చెప్పింది. మంచి మాటే, కానీ వినే వీలు నాకు లేదు.

ఇక నా తప్పు చెబుతాను. నీలాగా దాచుకునే అలవాటు నాకు లేదు.

కనుమ మొదట్లో అందరూ ఫొటోకు వరసగా నిలబడ్డారు. మా బాబా ముందు. నేను పదేళ్లు లారీ తోలినవాణ్ణి. ఘాటు ఎక్కేముందు చక్రం కింద నిమ్మకాయ తొక్కించనిదే బండి కదిలించి ఎరగను. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. హోటల్లో చేపకు పెట్టిన నిమ్మకాయ ఒకటి జేబులో వేసుకుని వచ్చాను. ఎవరూ చూడకుండా బాబా ముందు చక్రం కింద పెట్టాను, ఆయన మంచికే. లారీ బరువుకు నిమ్మకాయ నలుగుతుంది. రెండు వేళ్ల మందం చక్రానికి నిమ్మకాయ నలగదని లారీ డ్రైవరుకు ఎందుకు తడుతుంది? పైగా ఆ సైకిళ్లకు బూట్లు పెడలులో గొళ్లెం వేసినట్టు ఇరుక్కుంటాయి, చటుక్కున కాలు కింద పెట్టే వీలుండదు. చక్రం నిమ్మకాయ ఎక్కింది, నిమ్మకాయ జారింది, బాబా సైకిలుతో సహా పక్కకు ఒరిగి పడ్డాడు. ముందు చక్రం రోడ్డు పక్క రాయికి తగిలింది.

ఆయన స్నేహితుల్లో ఒక పళ్ల డాక్టరున్నాడు. అతను వంగి, జారిపోయిన నిమ్మకాయను రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తాడు.

"షినూ హాదా?" అన్నాడు. ఇదేంది అని.

"లూమీ," అన్నాను. నిమ్మకాయ అని. అబద్ధం చెప్పలేదు కదా.

"దీన్ని చక్రం కింద ఎవరు పెట్టారు?"

"నేనే. మా ఊళ్లో కొండ ఎక్కేముందు పెడతాం. మంచి జరుగుతుందని."

అతను మిగతావాళ్ల వంక తిరిగి "సిహర్" అన్నాడు. చేతబడి అని దాని అర్థం. రెడ్డెప్పా, ఇళ్లల్లో పనిచేసేవాడి మీద ఆ మాట పడితే అంతే. దిండు కింద తాయెత్తు దొరికి పని పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. బాబా లేచి మోచెయ్యి దులుపుకున్నాడు. నెత్తురు కారుతోంది. నా వంక చూడకుండానే చెప్పాడు.

"ఖలాస్, రాము. కువైట్‌కు పోగానే నీ కాగితాలు చూస్తా. నువ్వు ఇంటికి పో."

నా ఇఖామా ఈ నెలలోనే కొత్తది చేయించాలి. దాని మీద ఆయన సంతకం పడితేనే నేను ఇక్కడ ఉండేది. ఆ కనుమ మొదట్లో నిలబడి నేను అనుకున్నది ఒకటే. పోతే పోనీ, మీ వదిన పోయాక ఇల్లన్నది లేకపోయినా, నా అంగడి ఉంది, పోయి అందులో కూర్చుంటాను. నేను అలా అనుకుంటున్న వారంలోనే నువ్వు దానికి బేరం మాట్లాడుతున్నావు.

చక్రం అటూ ఇటూ బెత్తెడు ఊగుతోంది. తెచ్చిన విడి చక్రం ముందురోజే పళ్ల డాక్టరు సైకిలుకు పెట్టేశాం. ఆ ఊళ్లో ఒక సైకిలంగడి ఉందని తెలిసి వ్యానులో పోయాను. మన అంగడంతే ఉంటుంది, వెడల్పు ఇంకా తక్కువే. నాకన్నా పదేళ్లు పెద్దవాడు ఒక్కడే ఉన్నాడు. చుట్టూ రిపేరుకొచ్చిన సైకిళ్లు. చక్రం చూసి, రేపు అని చెయ్యి ఊపాడు. నేను బెండు తీసే స్టాండు చూపించి, నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. అతను నా చేతులు తిప్పి చూశాడు. గోళ్లలో నల్లగా గ్రీజు ఉంది. నిపిల్ తాళం ఇచ్చి పక్కకు జరిగాడు.

అరగంట పట్టింది. చివర్లో అతను వచ్చి చువ్వలను వేలితో ఒక్కొక్కటే మీటుతూ చెవి పెట్టి విన్నాడు. నేను అవతలి పక్క నుంచి మీటాను. మనకు పని నేర్పిన ఓబులేసు మేస్త్రి 'చువ్వ పలకాలిరా, చూస్తే తెలీదు' అని నెత్తి మీద మొట్టేవాడు, నీకు గుర్తుందో లేదో. నీ నెత్తికి మొట్టికాయలు బాగానే తగిలాయి, లోపలికి మాత్రం ఏమీ పోలేదు. ఆ ముసలాయన కాఫీ పోసి ఇచ్చాడు. గోడ మీద ఫొటోలో అదే అంగడి ముందు అతనూ, అతని పోలికలతో చిన్నవాడొకడూ నిలబడి ఉన్నారు. తమ్ముడై ఉంటాడు. ఆ తమ్ముడు కూడా అంగడి అమ్మజూశాడేమో అడుగుదామనుకున్నాను, భాష రాలేదు.

మర్నాడు బాబా ఆ చక్రంతోనే కనుమ ఎక్కాడు. పన్నెండో మలుపు దగ్గర చెయ్యి చాపితే నీళ్ల సీసా అందించాను. తీసుకుని, తల తిప్పకుండానే తొక్కుకుంటూ పోయాడు. పైన ఇంకా కొంచెం మంచు ఉంది. నన్ను సైకిలు పట్టుకుని నిలబడమని, తన ఫోన్లో ఫొటో తీసి నాకు పంపాడు. "ఇంటికి పోయాక చూసుకో," అన్నాడు. నువ్వు ఊరంతా తిప్పిన మజా ఫొటో అదే. పనిలోంచి తీసేస్తూ తీసిన ఫొటో.

కువైట్‌కు వచ్చాక రెండు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. మామా మాత్రం, అంటే ఆయన భార్య, పప్పు ఎక్కువైందనో అన్నం మిగిలిందనో వంకతో రోజూ గిన్నె పంపేది. మొన్న ఉదయం బాబా సైకిళ్ల గదికి వచ్చాడు. ఆ చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. ఎక్కడా ఊగలేదు.

"ఒక్క సంవత్సరం," అన్నాడు. "ఆ తర్వాత ఇంటికి. నీకూ వయసైంది. నిమ్మకాయలు వద్దు."

సంతకం పెట్టాడు. కాబట్టి నా లెక్క తేలింది. వచ్చే ఏడాది ఈ పాటికి నేను మన అంగడి ముందు స్టూలు మీద ఉంటాను. సైకిలు ఎవరు తొక్కుతారంటావా, మూడు కార్లున్నవాళ్లు తొక్కుతున్నారు. ఖర్చు పెట్టుకుని విమానమెక్కి, కొండ ఎదురెక్కి మరీ తొక్కుతున్నారు. మన ఊళ్లో ఎవరూ తొక్కకపోతే నేనొక్కణ్ణే తొక్కుతాను, నా పంచర్లు నేనే వేసుకుంటాను.

నువ్వు చేయవలసినవి రెండున్నాయి. మన అంగట్లోని ఓబులేసు మేస్త్రి బెండు స్టాండును నువ్వు ఈపాటికి తూకానికి వేసే ఉంటావు, అది ఏ పాత ఇనుపవాడి దగ్గరుందో కనుక్కుని తెచ్చి, నూనె రాసి పెట్టు. అంగడికి తాళం మార్చావని బాషా చెప్పాడు. పాత తాళంచెవి ఇరవై రెండేళ్లుగా నా మొలతాడుకే ఉంది. దానికి సరిపోయే తాళం మళ్లీ వెయ్యి. పాలకోవా పంపవద్దు. నీ చేతి తీపి ఇప్పుడు నాకు సయించదు.

ఎదురింటి నరసమ్మత్తకు, మసీదు పక్క టైలర్ చాచాకు నా దండాలు చెప్పు. నేను బాగున్నానని, వస్తున్నానని చెప్పు. ఆ మాట నీ నోటితోనే చెప్పాలి. సుగుణమ్మకూ పిల్లలకూ నిండా నూరేళ్లు. నీకు ఇవ్వాల్సిన దీవెన నా దగ్గరే ఉంది, అంగడి తలుపు తీసిన రోజు ఇస్తాను.

నీ అన్న,
రామాంజులు

ఇంకొకటి. ఇది రాస్తుండగా బాబా రెండో సైకిలు చక్రం తెచ్చి పెట్టి పోయాడు. ఇక్కడి స్టాండు పాలరాయి గచ్చు మీద ఊగుతోంది. నీ పవరు పత్రాన్ని ఎనిమిది మడతలు పెట్టి దాని కాలి కింద దూర్చాను. ఇప్పుడు ఊగడం లేదు.