సుభద్రమ్మ ఒళ్లు తగ్గిన సంవత్సరం

కుప్పం,
జనవరి 1946

ప్రియమైన సుభద్రా,

బదిలీ మీద ఇక్కడ చేరాను. రైల్వే గూడ్సు ఆఫీసులో ఊపిరాడని పని. నిన్ను పిలిపించుకోవాలనే ఉంది కానీ ఒక మాట రాయక తప్పదు. సదుం ఊళ్లో జరిగిన పెళ్లిలో నువ్వు బండి దిగలేక అవస్థ పడుతుంటే అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. కొత్త చోట అది వద్దు. ముందు ఒళ్లు తగ్గించుకో, తర్వాత తీసుకుపోతాను. మంచం దిగలేని అమ్మను నువ్వే చూసుకోవాలి కనుక పస్తులుండి నీరసపడవద్దు.

ఇట్లు,
నీ చెంగల్రాయుడు

పుంగనూరు,
మార్చి 1946

ప్రియమైన మీకు సుభద్ర నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు ముద్ద మింగుడుపడలేదు. తర్వాత మదనపల్లెకు పోయి లేడీ డాక్టరుకు చూపించుకున్నాను. పొద్దున అత్తమ్మ స్నానం, వంట, ఆపైన బడిలో పంతులమ్మ పని, సాయంత్రం మళ్లీ ఇదే చాకిరీ, ఇంక నాకు తీరికెక్కడిదన్నాను.

"బడికి జట్కాలో యాల పోతావు? నడిచి పో. పస్తులుంటే తగ్గిందంతా మళ్లీ వస్తాది. బతికినన్నాళ్లు చేయగలిగిందే చెయ్యమ్మా," అందామె.

అందుకని నడుస్తున్నాను. రేషను బియ్యం అత్తమ్మకు పెట్టి, నేను రాత్రికి చిన్న రాగిసంకటి ముద్ద, ఆకుకూర తింటున్నాను. ఇన్నాళ్లూ గిన్నెలో మిగిలింది పారేయలేక నేనే తినేదాన్ని. ఇప్పుడు తక్కువగా వండుతున్నాను. మొదట్లో దారిలో అరుగు కనబడితే చాలు, కూలబడేదాన్ని. పిల్లలు చూసి నవ్వేవారు. నవ్వనీ. మీ దగ్గరికి వచ్చే దారి అదే కదా అనుకున్నాను.

ఇట్లు,
మీ సుభద్ర

కుప్పం,
ఆగస్టు 1946

ప్రియమైన సుభద్రా,

సంతోషం. తొందరేమీ లేదు, నిదానంగానే కానివ్వు. క్వార్టర్సు ఇంకా ఇవ్వలేదు. ఈసారి పండక్కి సెలవు దొరకదు. అమ్మ మందులు మరవవద్దు.

చెంగల్రాయుడు

పుంగనూరు,
జనవరి 1947

ప్రియమైన మీకు,

పక్కింటి మైమూన్ బీ నా రవికలన్నీ కుట్లు విప్పి చిన్నవి చేసింది. "మీ ఆయన వచ్చి సూస్తే ఎవురమ్మా నువ్వు అంటాడు సూడు," అని ఒకటే నవ్వు. ఇప్పుడు బడి దాకా ఎక్కడా ఆగకుండా పోతున్నాను. మోకాళ్ల నొప్పి పోయింది. ఫోటో తీయించుకుని పంపుతున్నాను. వచ్చి మమ్మల్ని తీసుకుపోండి. అత్తమ్మను బండిలో పడుకోబెట్టి తేవచ్చు.

మీ సుభద్ర

కుప్పం,
ఫిబ్రవరి 1947

ప్రియమైన సుభద్రా,

ఫోటో చూశాను. బుగ్గలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇంకొంచెం తగ్గాలి. ఈ లోపల అమ్మను కదిలించవద్దు.

చెంగల్రాయుడు

పుంగనూరు,
మార్చి 1947

చెంగల్రాయుడు గారికి,

మీరు రారని తెలిసి నేనే కుప్పం వచ్చాను. అత్తమ్మను మైమూన్ బీకి అప్పజెప్పి శనివారం బొగ్గుతో నడిచే బస్సెక్కాను. ఎవరూ చెయ్యి అందించకుండానే ఎక్కాను, దిగాను. అది మీరు చూడాలని ఎంత ఆశపడ్డానో.

స్టేషనులో పోర్టరు మునెప్పను మీ ఇల్లెక్కడని అడిగాను.

"ఆయన డ్యూటీలో ఉండాడమ్మా. ఇంట్లో ఆయమ్మ ఉండాది, పో."

"ఏ అమ్మ?"

"ఆయన పెండ్లామమ్మా. పోయిన ఎండాకాలంలోనే కదా పెండ్లి చేసుకొని పిల్సుకొచ్చినాడు."

పోయిన ఎండాకాలం. నేను అరుగు అరుగుకీ కూలబడుతూ నడక నేర్చుకుంటున్న రోజులు.

తలుపు ఆమే తీసింది. లావుగా ఉంది. మునుపటి నాకంటే లావు. మనిషి మంచిదే. ఎండన పడి వచ్చినారని మజ్జిగ ఇచ్చి, ఎవరు మీరని అడిగింది. "పుంగనూరులో ఆయన తల్లిని చూసుకునే మనిషిని," అన్నాను.

"ఓ, మీరేనా! ఆయన చెప్తా ఉంటారు. జీతమిచ్చి పెట్టుకున్నామె చానా నమ్మకస్తురాలని."

మజ్జిగ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. మీరు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగలేదు. ఆగితే నా నోట ఏం వచ్చేదో నాకే తెలియదు.

ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగింది.

"తెలుసమ్మా. చెప్తే నువ్వు ఎల్లిపోతావని చెప్పలేదు. నన్ను ఎవురు సూస్తారు?"

ఆ మాట విన్నాక కూడా గంజి కాచి తాగించాను. చేతులకు అలవాటు.

ఒళ్లు తగ్గింది. అద్దంలో చూసుకుంటే సంతోషం రావడం లేదు. నా శరీరంలో ఏ లోటూ లేదని, మీ అమ్మకు ఊడిగం చేసే మనిషే మీకు కావలసి వచ్చిందని, ఇంత కష్టపడితే గానీ నాకు తెలియలేదు.

మదనపల్లె బడికి బదిలీ ఇచ్చారు. ఈ నెలాఖరున చేరాలి. అంతకు ముందు వచ్చే ఆదివారం ఎల్లప్ప బండిలో అత్తమ్మను తీసుకుని మీ ఇంటికి వస్తున్నాను. నేనెవరో మీ ఇంట్లో ఉన్న ఆమెకు మీరే చెప్పి ఉంచండి. చెప్పకపోతే, గడపలో నిలబడి నేనే చెబుతాను.

సుభద్రమ్మ