ఈసారి తేదీ ఇవ్వని డాక్టరమ్మ

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేను, పిల్ల, మీ బావ, మీ బావ గురకా అందరం క్షేమం. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పిల్ల పరీక్ష గురించి అడిగావు. పాసైంది. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది, మీ బావ "రేపు చూస్తాలే" అంటూనే ఉన్నారు. ఇక నా కంటి ఆపరేషన్ సంగతి. వాయిదా పడింది. ఎందుకో రాయాలంటే సిగ్గుగా ఉంది, కానీ నీ దగ్గర దాపరికమేంటి?

కంట్లో ఒత్తిడి పెరిగే ఈ గ్లకోమాకి రోజూ పడుకునే ముందు చుక్కలు వేసుకోమన్నారు కదా, మూడేళ్ల కిందట. నొప్పి లేదు, చూపు తగ్గినట్టూ లేదు, వేసుకుంటే మాత్రం మంట. అందుకని చెకప్‌కి వారం ముందు నుంచి మాత్రమే వేసుకునేదాన్ని. కంట్లో ఒత్తిడి ప్రతిసారీ అదుపులోనే ఉన్నట్టు వచ్చేది. డాక్టరమ్మ మెచ్చుకుంటే తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని వచ్చేదాన్ని. హోటళ్ల వంటిళ్లు తనిఖీ చేసే నేను! మేం వస్తున్నామని తెలిసి ముందురోజు గోడలు కడిగించే యజమానుల్ని ఎన్నిసార్లు దులిపేశానో నీకు తెలుసు.

పరీక్షల్లో పక్కచూపు మాత్రం తగ్గుతూ వచ్చింది. చుక్కలు చాలడం లేదనుకుని పాపం ఆవిడ ఆపరేషన్ పెట్టారు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టబోయి కలం పక్కన పెట్టేశాను. ఊరికే కన్ను కోయించుకుంటున్నానేమోనని భయపడి ఉన్నదంతా కక్కేశాను.

ఆవిడ ఆ కాగితం వెనక్కి తీసుకున్నారు. "పోయిన చూపు తిరిగి రాదమ్మా, ఉన్నదాన్ని కాపాడుకుందాం. రోజూ వేసుకోండి. ఈసారి తేదీ ఇవ్వను. ఏదో ఒక రోజు ఫోన్ చేస్తాను, ఉన్నపళంగా రావాలి" అన్నారు.

అప్పట్నుంచి మీ బావే వేస్తున్నారు. మొదట్లో సగం చుక్కలు చెంప మీదే. "కళ్లు మూయకే బాబూ!" అని ఆయన కేకలు.

నాలుగు నెలలయ్యాక, నిన్న ఒక హోటల్లో ఫ్రిజ్ తెరిపించి చూస్తుంటే ఫోనొచ్చింది. నేను బయల్దేరితే యజమాని హమ్మయ్య అనుకున్నాడు. నాకేమో దారంతా భయమే. ఒత్తిడి అదుపులోనే ఉందిరా! పక్కచూపు కూడా ఇంకేం తగ్గలేదు. ఆపరేషన్ ప్రస్తుతానికి అక్కర్లేదన్నారు. అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను.

ఇంకొకటి ఉంది. ఈ జబ్బు తోబుట్టువులకీ రావచ్చని, నిన్నూ చూపించుకోమని చెప్పమని ఆవిడ మూడేళ్ల కిందటే అన్నారు. నేనే వేసుకోని మందు గురించి నీకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే దాచాను. క్షమించరా. ఈ ఉత్తరం అందగానే వెళ్లి కళ్లు చూపించుకో. వెళ్లావో లేదో కనుక్కోవడానికి మరదలికి ఫోన్ చేస్తాను. ఏ రోజో మాత్రం చెప్పను.

ఇట్లు,
ఆలస్యంగా బుద్ధొచ్చిన
నీ అక్క