బూడిద, కుంకుళ్ళు, నీ అబద్ధం

ఆత్మకూరు,
శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు పెంచలప్రసాద్‌ను అక్క ఆశీర్వదించి రాస్తున్నది. పెంచలకోన స్వామి చల్లని చూపు వల్ల ఇక్కడ నేనూ, మీ బావా కులాసాగా ఉన్నాము. ఉదయగిరిలో నువ్వూ, మరదలు రాధికా, మేనకోడలు నిరోషా అలాగే ఉండాలని పొద్దున దీపం పెట్టినప్పుడు అడిగాను. కోపంగా ఉన్నా అడగడం మానలేదు.

నీ ఉత్తరం హుసేనయ్య సరుకుల వ్యానులో తెచ్చి ఇచ్చాడు. అయినదానికీ కానిదానికీ ఫోను చేసేవాడివి, కాగితం మీద రాసి పంపావంటేనే నోటితో అనలేని మాట ఏదో ఉందని తెలిసింది. నేనూ కాగితం మీదే జవాబిస్తున్నాను. ఫోనులో అయితే నన్ను మాట పూర్తి చేయనివ్వవు.

అడిగినవాటికి ముందు చెబుతాను. మీ బావ మోకాలి నొప్పి తగ్గింది. అంగడి మెట్లు తానే ఎక్కుతున్నారు. గిరాకీ బాగుంది. గోడౌనులో చోటు చాలక కందిపప్పు గోతాలు మన వసారాలో దించారు. ఉత్తరంతో పాటు నువ్వు పంపిన సబ్బుల పెట్టె, షాంపూ సీసాలు అందాయి. పెళ్లి అయ్యేదాకా అయినా వాటిని వాడమని రాశావు. గిన్నెలు తోమే వెంగమ్మకు ఇచ్చేశాను. సంతోషపడింది.

ఇక పసుపు సంగతి. నిరోష పెళ్లికి పసుపు రాధిక చేత దంచిస్తాననీ, ‘నీకెందుకు శ్రమ అక్కా, ముహూర్తానికి వచ్చి అక్షింతలు వేసి పో’ అనీ రాశావు. మన ఇంట్లో పెళ్లి పసుపుకు మొదటి పోటు పెద్ద ఆడపడుచుది. నాయన పెళ్లికి మేనత్త వేసింది. నీ పెళ్లికి నేను వేశాను. నేనింకా రోకలి ఎత్తలేని మనిషిని కాలేదు. నన్ను ఎందుకు తప్పించావో నువ్వు రాయలేదు. నీకు కాబోయే వియ్యపురాలు, కొండాపురం పద్మావతమ్మ చెప్పింది.

మా అత్తగారు ఆదిశేషమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ పనులంటే నాకెంత మంటో నీకు తెలుసు. ఇత్తడి బూడిదతోనే తోమాలి. తల కుంకుళ్ళతోనే రుద్దుకోవాలి. చిరిగిన చీర బొంత కావాలి. పిండిన నిమ్మచెక్క కూడా ఉప్పులో పడాలి. నీ చేత షాంపూ ప్యాకెట్లు తెప్పించుకుని బియ్యం డబ్బాలో దాచుకునేదాన్ని. ఆమె పోయాక సగం సామాను వీధిలో పెట్టించాను కూడా. ఏడాది తిరిగాక, ఏమీ తోచక, ఆమె పాత చీరలు తీసి ఒక బొంత మొదలుపెట్టాను. నామాలు చదువుకుంటూ కుట్టాను. టీవీ ముందు కూర్చున్నన్నాళ్ళూ రాని నిమ్మళం అప్పుడు వచ్చింది. తర్వాత కుంకుళ్ళు తెప్పించాను. ఆ తర్వాత నీళ్ళ పొయ్యిలో బూడిద పారేయడం మానేశాను. ఎవరూ చెయ్యమనలేదు. చెయ్యమనేవాళ్ళు లేకనే చెయ్యగలిగానేమో.

వెంగమ్మ మర్నాడే మూతి తిప్పింది. ‘ఏందమ్మా, ఇంత అంగడి పెట్టుకోని సబ్బుబిళ్ళకు కరువొచ్చిందా? మా ఇంట్లోనే లిక్విడ్ ఉండాది’ అంది. నవ్వి ఊరుకున్నాను. ఆమె ఆ మాట బజారుకు మోసింది. మనవాళ్ళ సంగతి తెలుసు కదా. వ్యాపారస్తుల ఇంట్లో సబ్బు మానేశారంటే అంగడి మునుగుతున్నట్టే. ఆ మాట ఉదయగిరిలో నీ బట్టల అంగడి దాకా వచ్చింది. అక్కడి నుంచి పద్మావతమ్మ చెవిన పడింది.

అప్పుడు నువ్వు నన్ను ఒక్క మాట అడిగి ఉండవచ్చు. అడగలేదు. ‘మీ అక్కగారి వ్యాపారం దెబ్బతినిందంట గదా’ అని ఆమె అంటే, ‘వ్యాపారానికేం కాలేదమ్మా, మా అక్కకే ఈ మధ్య మతి సరిగా లేదు, నెల్లూరులో చూపిస్తా ఉండాము’ అన్నావు.

ఈ వాక్యం రాసి, పెన్ను పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగి వచ్చాను.

అంగడి పేరు చెడకూడదు. అక్క పేరు చెడితే పరవాలేదు. నాలుగు వీధుల్లో నన్ను చూసి జాలిపడేవాళ్ళు ఎందుకు జాలిపడుతున్నారో నాకు ఇప్పుడు తెలుస్తున్నది. గుడిలో పూజారి తీర్థం ఇస్తూ ‘అంతా సర్దుకుంటుంది తల్లీ’ అన్నాడు. మీ బావ మోకాలి గురించి అనుకున్నాను. అమ్మ పోయాక నీకు అన్నం కలిపి పెట్టింది ఎవరని నేను రాయను. రాస్తే దానికి కూలి అడిగినట్టుంటుంది.

పద్మావతమ్మ మా ఇంటికి వచ్చి పోయినప్పటి నుంచి కొండాపురం వాళ్ళు నీ ఫోను ఎత్తడం లేదని, ఇక్కడ ఏం జరిగిందని అడిగావు. రాస్తున్నాను, నిదానంగా చదువు.

అనంతసాగరంలో చుట్టాలింటికి పోతూ ఆగానని చెప్పి, పద్మావతమ్మ ఒక్కతే ఆటో దిగింది. నేను పెరట్లో బూడిద జల్లిస్తున్నాను. ఆమె తలుపు దగ్గరే ఆగి, కరిచే కుక్కేమో అన్నట్టు నన్ను చూసింది.

‘ఒళ్ళు ఎట్లుండాది వదినా?’ అంది, చంటిపిల్లను అడిగినట్టు.

‘బాగుండాది. కూర్చోండి, కాఫీ తెస్తాను.’

‘వద్దొద్దు. నువ్వు పొయ్యి కాడికి పోవద్దు. నేను పెడతాలే.’

నా వంటింట్లో నాకు కాఫీ పెట్టింది. గ్లాసు చేతికిస్తూ ‘మాత్రలు ఏసుకుంటా ఉండావా?’ అంది.

‘ఏం మాత్రలు?’ అన్నాను. అప్పుడు నువ్వు చెప్పిందంతా చెప్పింది. చెడ్డ మనిషి కాదు. చెబుతూ నా చెయ్యి పట్టుకుంది.

‘తప్పుగా అనుకోవద్దు వదినా. పిల్ల మాకు నచ్చింది. నిన్ను పెళ్లిలో ముందుకు రానీనని మీ తమ్ముడు మాటిచ్చినాడు. మా తరపోళ్ళు నిన్ను చూస్తే ఆ ఇంట్లో పిచ్చి ఉండాదంటారు. ఆ రోజుకు నువ్వు ఆత్మకూరులోనే ఉండిపోతే రేపే లగ్నపత్రిక రాసుకుంటాము. నీ నోటితో సరే అంటే చాలు.’

ఇక్కడ జరిగింది ఎవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నిరోష నాతో ఫోనులో ‘అత్తా, ఆ పిల్లోడు నాకు బాగా నచ్చినాడు. ఊరికే నవ్విస్తాడు’ అంది. అది అలా ఒకరి గురించి అనడం నేను ఎప్పుడూ వినలేదు. సరే అంటే దాని పెళ్లి అయిపోతుంది. సరే అందామనే నోరు తెరిచాను. ఎదురుగా దేవుడి పటం ఉంది. ఆయన ముందు నా మీద నేను అబద్ధం చెప్పలేకపోయాను.

‘నాకు పిచ్చి లేదు. మా తమ్ముడు మీతో అబద్ధం చెప్పినాడు’ అన్నాను.

ఆమె చెయ్యి వదిలింది. ‘అయితే అంగడి మునిగింది నిజమేనా?’

‘వసారాలో గోతాలు చూడండి.’

లేచి పోయి చూసింది. ఒక గోతాన్ని చేత్తో నొక్కి కూడా చూసింది.

‘మరి ఈ బూడిద ఏంది? ఈ బొంతలేంది?’

‘నాకు ఇష్టం.’

‘ఇష్టమైతే మాత్రం? కలిగినోళ్ళు ఎవరన్నా ఇట్లా చేస్తారా?’

‘నేను చేస్తాను.’

కాఫీ చల్లారిపోయింది. పోయే ముందు గుమ్మంలో నిలబడి ఒక మాట అంది. ‘సరే వదినా. నీ మతి బాగుండాది, అంగడీ బాగుండాది. మరి అంగడి కోసరం సొంత అక్కను పిచ్చిదన్నోడు, రేపు అవసరమొస్తే మా పిల్లోడిని ఏమంటాడు?’

వాళ్ళు నీ ఫోను ఎత్తకపోవడానికి కారణం అదే. నా బూడిద కాదు. నేను నిన్ను వెనకేసుకురాలేదు. తమ్ముడు మంచివాడే అని ఒక్క మాట అంటే ఆమె మెత్తబడేదేమో. ఆ మాట నా నోట రాలేదు. సంబంధం చెడితే నిరోష ఏడుస్తుంది. ఆ ఏడుపులో నాకూ పాలు ఉంది. రోజూ స్వామికి అదే మొర పెట్టుకుంటున్నాను. అయినా అన్న మాట వెనక్కి తీసుకోను.

ఇక ఫోన్లు చేయకు. మనుషులను పంపకు. పద్మావతమ్మ ఆదివారం దాకా ఇంట్లోనే ఉంటానంది. కొండాపురం బస్సెక్కి పో. ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉంటే ఆమె ముందు నిలబడి చెప్పు. లేకపోతే లేదని చెప్పు.

నిరోషకు ఇదేమీ తెలియదు. నేను చెప్పను. బస్సెక్కే ముందు దాన్ని కూర్చోబెట్టి, అత్తను ఏమన్నావో నీ నోటితోనే చెప్పు. అది నీ ముఖంలోకి చూస్తుంది. చూడనివ్వు. తల దించుకోకు. ఆ తర్వాత పో.

ఇట్లు,
మతి చెడని నీ పెద్దక్క,
ప్రసన్నకుమారి.