పుట్టిల్లు – మెట్టిల్లు ప్యాసింజరు

ఇది నా వీలునామా. ఇంతకుముందు మరొకటి రాయలేదు కనుక రద్దు చేసుకోవలసినదేమీ లేదు. కళ్ళద్దాల షాపు నడుపుకుంటూ, ఊళ్ళో సగంమంది ముక్కుల మీద కళ్ళజోళ్ళు నా చేత్తోనే సరిచేసిన నేను, నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ బెదిరింపూ లేకుండా, మనసారా దీన్ని రాస్తున్నాను. జబ్బు నా ఒంట్లో ఉంది, బుర్రలో లేదు. ఆ మాట డాక్టరమ్మ వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టింది. దాన్ని దీనికి జతచేశాను. తెలివి సంగతి ఎవరైనా ఎత్తితే ఈ ఇంట్లో గుండె కలుక్కుమంటుంది, కనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత గడియారాలు బాగుచేసే అన్నయ్యగారిది. ఆయన మాకు చుట్టం కాదు, మా ఆయనకు స్నేహితుడు. మా ఆయన ఆయనకు ‘లూప్‌లైను’ అని పేరు పెట్టారు. ఎదురుగా ఎవరొచ్చినా పక్కకు తప్పుకుని, వాళ్ళు దాటిపోతేగాని కదలని మనిషి. బస్సు ఎక్కడంలోనూ అంతే, పెళ్ళి విషయంలోనూ అంతే. ఈ ఒక్క పనిలో మాత్రం ఆయన ఎవరికీ దారి ఇవ్వకూడదని నా మనవి.

2. నా షాపు సంపాదన మీద కట్టుకున్న ఈ ఇల్లు, షాపు, అందులోని సామాను మొత్తం నా తదనంతరం మా అమ్మాయికి సర్వహక్కులతో చెందుతాయి. ఇంటికి మాత్రం ఒక షరతు ఉంది. మా ఆయన జీవించి ఉన్నంతకాలం ఇందులోనే ఉంటారు. మేడ మీది గది ఆయనది. ఏ సంరక్షణ కేంద్రంలోనూ ఆయనను చేర్చరాదు.

3. ఆ గదిలో ఉన్న బొమ్మ రైలుమార్గం, అనగా బల్లలు, పట్టాలు, ఇంజన్లు, పెట్టెలు, సిగ్నళ్ళు, కొండ, సొరంగం, వార్నిషు పోసి చేసిన ఏరు, బల్లల అడుగున అల్లుకున్న వైర్లతో సహా, ఆయన ఉన్నంతకాలం ఎక్కడిది అక్కడే ఉండాలి. అమ్మరాదు, విడదీయరాదు, ఊడ్చడానికని కాస్త పక్కకు జరపనూ రాదు.

దాని సంగతి తెలియనివాళ్ళు ఈ కాగితం చదవవచ్చు కనుక చెబుతాను. మా ఆయన లిఫ్టుల మెకానిక్కు. రోజంతా మనుషుల్ని పైకీ కిందికీ పంపే పని. అడ్డంగా వెళ్ళేది ఏదైనా చెయ్యాలని ఉందంటూ, పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం ప్లైవుడ్ చెక్క భుజాన వేసుకుని వచ్చారు. నాకు అప్పుడు ఒళ్ళు మండింది. ఇంట్లో కూర్చోవడానికి సరైన కుర్చీ లేదు, ఈ మనిషి రైలు వేస్తానంటున్నాడు. తీరా చూస్తే కుర్చీల కంటే ముందు కొండ లేచింది. ఇనుప జాలీ వంచి, దాని మీద పాత దుప్పటి ముక్కల్ని ప్లాస్టరులో ముంచి పరిచాం. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు వేసి గడ్డి చేశాం. కొత్త ఫ్రేముల్లో కంపెనీవాళ్ళు ఉత్తుత్తి అద్దాలు పెట్టి పంపుతారు. గిరాకీకి అసలు అద్దం బిగించాక వాటిని పారేస్తారు. నేను పారేయలేదు. సన్నగా కత్తిరించి రైలుపెట్టెల కిటికీలకు అతికించాను. అవి ఇప్పటికీ తళతళలాడుతుంటాయి.

గదికి ఈ గోడన ఉన్న స్టేషను పేరు పుట్టిల్లు. ఆ గోడన ఉన్నది మెట్టిల్లు. నడుమ సొరంగం దాటగానే ఒక చిన్న హాల్టు, దాని పేరు అలక. పేర్లన్నీ ఆయనే పెట్టారు. పుట్టిల్లు నాకిచ్చి, మెట్టిల్లు తాను ఉంచుకున్నారు. బండి పంపమంటారా అని అడగడానికి గంట ఒకసారి కొట్టాలి, పంపమనడానికి రెండుసార్లు. ఇంట్లో మాటా మాటా వచ్చిన రోజున నేను ప్యాసింజరును అలకలో ఆపేసేదాన్ని. ఆయన మెట్టింటి నుంచి గంట కొడుతూనే ఉండేవారు. నేను పలికేదాన్ని కాదు. చివరికి ఆయనే కిందికి దిగి, టీ కాచి తెచ్చి నా బల్ల మీద పెడితే బండి కదిలేది. మా కాపురంలో క్షమాపణలన్నీ దాదాపు ఆ హాల్టులోనే జరిగాయి.

4. ఇప్పుడు రాయబోయేది ఆస్తి కాదు. కానీ ఇది తెలియకపోతే తరువాతి క్లాజు ఎవరికీ అర్థం కాదు.

మొదట ఆయన పనిలో తేడా వచ్చింది. ఏ తాళం ఏ భవనానిదో తికమకపడ్డారు. పని మానిపించారు. తర్వాత ఇంటి దారి పోయింది, తర్వాత చెంచా పేరు, తర్వాత అమ్మాయి పేరు. రైలు మాత్రం పోలేదు. కింద చొక్కా గుండీలు పెట్టుకోలేని మనిషి, మేడెక్కితే బండిని పట్టా మార్చే పాయింట్లు సరిగ్గా తిప్పి, గంటకు గంట బదులిచ్చేవారు. అందుకని మేము పైనే ఎక్కువసేపు గడపడం మొదలుపెట్టాం.

ఒక మధ్యాహ్నం నేను నా బల్ల దగ్గర స్పిరిటు గుడ్డతో పట్టాలు తుడుస్తున్నాను. ఆయన వచ్చి నిలబడి, “మాస్టారూ, మీరీ స్టేషనుకి కొత్తగా వచ్చారా?” అన్నారు. వేళాకోళమనుకుని, అవునండీ, నిన్ననే చార్జి తీసుకున్నానన్నాను. ఆయనకు సంతోషమైంది. “మంచిదైంది. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. ఇక్కడే ఎక్కుతుంది. కాస్త చూసి ఎక్కించండి” అన్నారు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

‘ఏమోయ్’ అని తప్ప నన్ను మరోలా పిలిచి ఎరగని మనిషి, ఆ రోజు నుంచి ‘మీరు’ అంటున్నారు. నేను వస్తే లేచి నిలబడతారు. నా కుర్చీ తుడిచి పెడతారు. అంత మర్యాదను మోయడం ఎంత కష్టమో ఎవరికీ చెప్పుకోలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ప్రతి బండీ మెట్టింటికి చేరగానే ఆయన వంగి, షాపు నుంచి నేను తెచ్చిన భూతద్దంతో ఒక్కొక్క కిటికీలోకి చూస్తారు. లేచి, ఇందులో రాలేదండీ, తర్వాతి దాంట్లో వస్తుందిలెండి, అని నాకే ధైర్యం చెబుతారు. అది చూడలేక, ఒక చిన్న బొమ్మను నా పడుచుదనపు పోలికలతో దిద్ది, నేను ఒకప్పుడు ఎక్కువగా కట్టిన చీరల వంగపండు రంగు వేసి, కిటికీ పక్క సీటులో అతికించి పంపాను. ఆయన చాలాసేపు చూశారు. “ఎవరో పాపం, దిగడం లేదు. ఈవిడ మా ఆవిడ కాదండీ. ఆమె ఐతే బండి ఆగకముందే గుమ్మంలో నిలబడుతుంది” అన్నారు. నిజమే. నేను అలాగే దిగేదాన్ని. ఆయనకు నేను అంత బాగా గుర్తున్నాను. నా ముఖమొక్కటే గుర్తులేదు.

ఇదంతా మా అమ్మాయి ఓర్చుకోలేకపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర నర్సుగా చేసే పిల్ల, ఎవరి నొప్పినైనా ఇట్టే తీసెయ్యాలనే స్వభావం. ఒక ఆదివారం ఆయన భుజాలు పట్టుకుని నావైపు తిప్పి, “నాన్నా, అమ్మ ఎక్కడికీ పోలేదు. ఇదిగో, ఎదురుగా ఉంది. చూడు” అంది. ఆయన చూశారు. చూసి బెదిరిపోయారు. ఎవరో పరాయి ఆడమనిషిని తనకు అంటగడుతున్నారని అనుకున్నారో, లేక అసలు మనిషి ఇక రాదని అర్థమైందో తెలియదు. “క్షమించండి” అని నాకు దణ్ణం పెట్టి, కరెంటు కట్టేసి, కిందికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు మేడ ఎక్కలేదు, సరిగ్గా తినలేదు. గోడవైపు తిరిగి పడుకునేవారు. అమ్మాయి మెట్ల మీద కూర్చుని నేను బుద్ధి తక్కువ పని చేశానమ్మా అని ఏడిచింది. చివరికి నేనే పైకి వెళ్ళి, ఒకసారి, మళ్ళీ ఒకసారి, అలా గంట కొడుతూ కూర్చున్నాను. కొన్నాళ్ళకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మెట్టింటి నుంచి రెండు గంటలు వినబడ్డాయి.

5. కాబట్టి నేను పోయిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పరాదు. ఆయన లెక్కలో నేను పుట్టింట్లో ఉన్నాను, ఉండనివ్వండి. స్టేషన్ మాస్టరు ఏరీ అని అడిగితే బదిలీ అయిందనండి. ఎక్కడికని అడిగితే పెద్ద స్టేషనుకని, ప్రమోషను మీద అని చెప్పండి. సంతోషిస్తారు. ఆయన ఎదుట ఏడవకండి. ఎవరు ఏడిచినా తప్పు తనదేనేమోనని కంగారు పడతారు. అసలు ఆయన నా గురించి అడగనే అడగకపోతే, మీరుగా గుర్తు చేయకండి. ఈ ఒక్క క్లాజు కోసం నేను చాలా కాగితాలు పాడుచేశాను.

6. పుట్టిల్లు స్టేషను చార్జి నా తర్వాత మా అమ్మాయికి. తల్లీ, కుడివైపు పాయింటు వానల్లో బిగుస్తుంది, వేలితో తొయ్యకు, గుడ్డతో తుడిచి ఓపిక పట్టు. పెద్ద ఇంజను చక్రాలకు మురికి పడితే సొరంగంలో మొరాయిస్తుంది. నిన్ను కూడా కొత్త మాస్టారనే అనుకుంటారు. నాన్న నోట ‘బుజ్జులూ’ అనే పిలుపు నీకిక దొరకదు. అది నా దగ్గర ఉండి ఉంటే అన్నిటికంటే ముందు నీకే రాసేదాన్ని. గంట కొట్టినప్పుడు వెంటనే బదులివ్వు. ఆయనకు ఎదురుచూడటం చేతకాదు, అయినా అదే పనిగా చేస్తున్నారు. వంగపండు రంగు బొమ్మ నీకే. దాచుకో, రైలుపెట్టెలో మాత్రం పెట్టకు.

7. మా మరిదికి, అంటే మా ఆయన తమ్ముడికి, అతను వచ్చినప్పుడల్లా తట్టి చూసే ఇనుప బీరువా ఇస్తున్నాను. రైలులో ఒక్క మేకు కూడా ఇవ్వను. బొమ్మరైళ్ళు సేకరించే ఒకాయనను ఇంటికి తీసుకొచ్చి, కొండ మీద మోచెయ్యి ఆనించి, అన్నగారు పక్కనే నిలబడి ఉండగా, “అన్నయ్యకి ఇంకేం తెలుస్తుంది వదినా” అన్నాడు. ఆ మోచేతి గుంట కొండ మీద ఇప్పటికీ ఉంది, నేను పూడ్చలేదు. అన్నను చూడటానికి రావద్దని మాత్రం అనను. రావచ్చు. కానీ గదిలో ఆయన లేనట్టుగా మాట్లాడకూడదు. చిన్నప్పటిలాగా ‘ఒరే అన్నయ్యా’ అని పిలిచి, పక్కన కూర్చుని, బండి వస్తే చూడాలి. అంతే.

8. గడియారాల అన్నయ్యగారికి నా సన్న పట్టకారు, కంటికి బిగించుకునే అద్దం, నేనే కూర్చిన అలక హాల్టు. ఆయన ఇంట్లో అలగడానికి ఎవరూ లేరు, కనీసం పేరైనా ఉండాలి. అయితే హాల్టును మా ఆయన తదనంతరమే తీసుకుపోవాలి. అప్పుడు మిగతా రైలుమార్గాన్ని కూడా విప్పేయవచ్చు. మా గుర్తుగా దాన్ని మోసే భారం ఎవరి మీదా పెట్టను. ఇద్దరు మనుషులు అటూ ఇటూ కూర్చుంటేనే అది రైలు.

ఇంకొక్క మాట రాసి ముగిస్తాను. ఈ పొద్దున దీన్ని శుభ్రంగా తిరగరాయడానికి మేడ మీదే కూర్చున్నాను. ఆయన వచ్చి, ఏం రాస్తున్నారని అడిగారు. నోటికి ఇంకేమీ రాక, బదిలీ కాగితాలన్నాను. ఆయన బల్ల అంచు మీద లేని దుమ్ము తుడిచారు.

“వెళ్ళకండి మాస్టారూ. మా ఆవిడ వచ్చేదాకానైనా ఉండండి. మిమ్మల్ని ఆమెకి చూపించాలి. మీ ఇద్దరికీ బాగా పడుతుంది” అన్నారు.

అలాగే ఉంటానని మాట ఇచ్చాను. ఈ కాగితం మొత్తంలో నేను నిలబెట్టుకోలేనిది అదొక్కటే.

పైన రాసినదంతా నా చేతిరాత. చదువుకుని, సరిగ్గా ఉందని చూసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

తేదీ: అక్టోబరు పధ్నాలుగు, గురువారం

(సంతకం)
కళ్ళద్దాల షాపు యజమానురాలు, లిఫ్టు మెకానిక్కు భార్య

సాక్షులు:
1. ఎదురింటి మందుల షాపాయన (సంతకం)
2. మా ఆయన చేత నడక సాధన చేయించే నర్సమ్మ (సంతకం)