సంతలో కొన్న తాత

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు ఏ సముద్రం మీద ఉన్నావో, ఆ ఓడలో ఎంతమందికి వండి వారుస్తున్నావో తెలియదు గానీ, ఇక్కడ మేమంతా క్షేమం. నా కుట్టుమిషను కూడా క్షేమం. చిట్టి మాత్రం తల్లిని కదా అని కూడా చూడకుండా మొహం మాడ్చుకుని తిరుగుతోంది. ఆదివారం పాత సామాన్ల సంతకి వెళ్ళి నేను ఒట్టి చేతులతో రాలేదని దాని బాధ.

ఇంట్లో నాలుగు గడియారాలు నాలుగు టైములు చెబుతున్నాయి, నిజమే. పాట తప్ప అన్ని చప్పుళ్ళూ చేసే రేడియో ఉంది, మూడుకాళ్ళ కుర్చీ గోడకి ఆనుకుని బతుకుతోంది, అదీ నిజమే. కానీ ఈసారి దొరికింది అలాంటిలాంటి వస్తువు కాదు. ఇంత వెడల్పు టేకు ఫ్రేము, నాలుగు మూలలా ఇత్తడి ఆకులు. చూడగానే కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మొహం మాత్రం ఏమీ పట్టనట్టు పెట్టాను. నా పద్ధతి నీకు తెలుసుగా. కావలసినదాన్ని కన్నెత్తి చూడకూడదు. పక్కనున్న పనికిరాని గరిటెని బేరమాడి, బేరం చెడగొట్టుకుని, పోతూ పోతూ "ఆ చెక్కముక్క ఎంతేమిటి" అనాలి. అలాగే అన్నాను. గరిటె కూడా కొనాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

ఫ్రేములో కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఫోటో ఒకటి ఉంది. తీసేద్దామంటే చెమ్మకి అద్దానికి అంటుకుపోయింది, లాగితే మనిషి చిరిగిపోతాడు. ఏ వస్తువునైనా తిరగేసి వీపు చూడందే ఇంటికి తేను కదా, దీని వీపంతా పాత గోధుమరంగు కాగితం అంటించి ఉంది. మొదట్నుంచీ ఉన్న అసలు కాగితం చింపితే వస్తువు విలువ పోతుందని ముట్టుకోలేదు. మనిషితో సహా ముందుగదిలో మిషను పైన తగిలించేశాను. ఆయన మొహం తుమ్ము వచ్చి ఆగిపోయినట్టు ఉంటుంది. ఆ కోటు మాత్రం ఆయనది కాదురా. బట్టలు కుట్టేదాన్ని, నాకు తెలియదా? భుజాలేమో కిందికి జారిపోయాయి, గుండెల దగ్గరేమో బిగుసుకుపోయింది, మడతలన్నీ వీపువైపే పోతున్నాయి. ఎవరో వెనక నిలబడి కోటు లాగి పట్టుకున్నట్టుంది.

పై అంతస్తు పిన్నిగారు కొలతలివ్వడానికి వచ్చి "ఎవరమ్మా ఈయన?" అన్నారు. "మా తాతగారండీ, అమ్మ వాళ్ళ నాన్న" అనేశాను. నోరు జారింది. సంతలో కొన్నానంటే నవ్వుతారని భయం. ఆ రోజు పిన్నిగారు కుట్టుకూలి దగ్గర బేరమాడలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ ఆయన మొహం చూసి నోరెత్తలేదు. ఇక దించుతానా? మనకెలాగూ తాత ఫోటో ఒక్కటీ లేదు.

చిట్టి పెళ్ళి మాటలకి అబ్బాయి తండ్రి మందుల షాపాయన, ఆయన భార్య వచ్చే నెల వస్తామన్నారు. అబ్బాయీ చిట్టీ ఎప్పుడో ఇష్టపడ్డారు, పెద్దవాళ్ళం తలూపడమే మిగిలింది.

అందరికీ వండి నువ్వు పస్తుండకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి, సంతలో తాతని బేరమాడిన ఏకైక మనవరాలికి,

నీ ఉత్తరం రేవులో అందింది. ఓడ వంటింట్లో పైకి చదివాను. ఇంజను మెకానిక్కు నవ్వి నవ్వి స్టవ్ మీద పాలు పొంగినా చెప్పలేదు. వచ్చే ఆదివారం అమ్మమ్మలు కూడా ఉన్నారేమో కనుక్కో. జత తీసుకుంటే తగ్గిస్తారేమో.

సరదాకి సరదా గానీ అక్కా, ఆయన్ని దించేయ్. నీ సామాన్ల సంగతి నేనెప్పుడూ ఒక్కమాట అనలేదు. సెలవుకి వచ్చినప్పుడు నా మంచం మీద నీ పాత గ్రామఫోను పడుకుంటే నేను నేల మీద పడుకున్నాను. కానీ గడియారం వేరు, మనిషి వేరు. ఆయనకీ ఎక్కడో మనవలుంటారు. ఏదో ఒకరోజు ఎవరో లోపలికొచ్చి "మా తాత మీ గోడ మీద ఏం చేస్తున్నాడు?" అంటే ఏం చెబుతావు?

అయినా మన తాత ఎలా ఉండేవాడో మనకేం తెలుసు? అమ్మ లెక్కలో ఆయన పెద్ద ఆఫీసరు. కోటు లేనిదే కుర్చీలో కూర్చునేవాడు కాదట, ఆ కోటేమో ఆఫీసులోనే ఉండేదట. నువ్వు అమ్మ దగ్గర పెరిగావు, నమ్మావు. నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. ఆఫీసరు అన్న మాట వినగానే అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. నవ్వుకో, ఏడుపుకో నాకు అప్పుడు తెలియలేదు.

చిట్టికి నా ముద్దులు. పెళ్ళి నా సెలవుల్లో పెట్టండి, వంట నాది.

నీ తమ్ముడు

*

ప్రియమైన మచ్చనాలుక తమ్ముడికి,

నీ నాలుక మీద మచ్చ ఉందిరా. ఎంత మాట అన్నావో, అంతా అయింది.

నీ ఉత్తరం వాళ్ళు వెళ్ళిన మర్నాడు వచ్చింది. ముందు రోజు ఏం జరిగిందో విను. మందుల షాపాయన, భార్య, అబ్బాయి వచ్చారు. సాయానికి ఉంటారని పై అంతస్తు పిన్నిగారిని కూడా కూర్చోబెట్టాను, నా ఖర్మ. టీ తాగారు, అన్నీ సవ్యంగా జరుగుతున్నాయి. ఇంతలో ఆయన లేచి మిషను దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "మా తాత ఇక్కడెందుకున్నాడు?" అన్నాడు. సరిగ్గా నీ మాటే.

వాళ్ళింట్లో ముందుగదిలో ఇదే ఫోటో, ఇదే ఫ్రేము, ఇవే ఇత్తడి ఆకులు ఉన్నాయట. ఆయన నాన్నగారి నాన్నట.

సంతలో కొన్నానని చెప్పడానికి నోరు తెరిచాను. నమ్మరా, తెరిచాను. ఈలోపు పిన్నిగారు "అదేమిటండీ, ఈయన వీళ్ళమ్మగారి తండ్రి కదా, ఎన్నిసార్లు చెప్పిందో" అన్నారు. తెరిచిన నోరు మూసుకున్నాను.

అబ్బాయి తల్లి వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది. "అంటే మా మామగారూ, మీ అమ్మగారూ ఒక తండ్రి పిల్లలా? మరి మా అత్తగారికి మీ సంగతే తెలియదే. మీ తాతగారికి రెండు కాపురాలా?" అంది. లెక్క అక్కడితో ఆగిందా? మందుల షాపాయన నాకు మేనమామ కొడుకు, బావ వరస అయ్యాడు. బావ కొడుకంటే నా కూతురికి అన్న. అబ్బాయి, చిట్టి ఒకేసారి బిస్కెట్ల పళ్ళెంలో చెయ్యి పెట్టబోతుంటే ఆవిడ పళ్ళెం పక్కకి జరిపేసింది. "ఆలోచించుకుని చెబుతాం" అని లేచారు.

వాళ్ళు గుమ్మం దాటాక చిట్టి అరవలేదు, అరిచినా బాగుండేది. "నువ్వే కొన్నావు, నువ్వే చెప్పు. నేను చెబితే మా అమ్మ అబద్ధాలకోరు అని చెప్పినట్టవుతుంది. ఈ ఆదివారం దాకా చూస్తాను" అంది. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటోంది, అంతే.

నిజం చెబితే దర్జా కోసం దారినపోయేవాణ్ణి తాతని చేసిన మనిషినవుతాను. చెప్పకపోతే దాని పెళ్ళి పోతుంది. నాకు భయంగా ఉందిరా. పాత వస్తువులు ఎన్ని పగిలినా అతికించాను, ఇది అతుకుతుందో లేదో తెలియడం లేదు.

చిట్టి ఎప్పుడో ఫోనులో తీసిన ఆయన ఫోటో అచ్చు వేయించి పంపుతున్నాను. నువ్వే చూడు, రెండు కాపురాలు చేసే మొహమేనా అది? ఒక్క తుమ్మే పూర్తిగా తుమ్మలేకపోయాడు పాపం.

త్వరగా జవాబు రాయి.

దిక్కుతోచని నీ అక్క

*

ప్రియమైన తమ్ముడికి,

నీ జవాబు రాలేదు, ఆదివారం వచ్చేసింది. సంతకి వెళ్ళే వేళకి మందుల షాపాయన ఇంటికి వెళ్ళాను. చిట్టి వెంట వచ్చింది, మాట్లాడకుండానే.

వాళ్ళ ముందుగదిలో ఆయన ఉన్నాడు. అదే కోటు, అదే తుమ్ము. ఎదురుగా మందుల షాపాయన, భార్య, అబ్బాయి, మూలన పడకకుర్చీలో ఆయన తల్లి. ఆవిడకి చెవుడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే టీ ఇస్తారు, టీ తాగితే ధైర్యం పోతుంది. నిలబడే చెప్పేశాను. "ఆయన మా తాత కాదు. ఎవరో నాకు తెలియదు. సంతలో ఫ్రేము కోసం కొన్నాను, ఒక గరిటెతో కలిపి. అడిగినవాళ్ళకి గొప్ప కోసం తాత అని చెప్పాను. తప్పు నాది, నా పిల్లది కాదు. మీ తాతగారిని మీకు ఇచ్చేస్తాను, ఆయన మీద పడ్డ రెండు కాపురాల మాట కూడా నేనే మోస్తాను" అన్నాను. చిట్టి వచ్చి నా పక్కన నిలబడింది.

అబ్బాయి తల్లి నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ ఏదో అనబోయేలోపు నా చేతులు ఊరుకోలేదు. గోడ మీది వాళ్ళ ఫ్రేము మూల ఇత్తడి ఆకు కొంచెం వదులైంది, సరిచేద్దామని కిందికి దించాను. దించాక అలవాటుగా తిరగేశాను. వాళ్ళదాని వీపుకి కాగితం లేదు. అట్ట మీద ఇంత లావు ముద్ర, ఏదో ఫోటో స్టూడియో పేరు, కింద "నమూనా" అని.

అందరూ దాన్నే చూస్తున్నారు. మందుల షాపాయన వెళ్ళి తల్లి చెవిలో గట్టిగా "అమ్మా, ఈయన మా తాతేనా?" అని అడిగాడు.

"మీ తాతెందుకవుతాడు? మీ నాన్న మందుల షాపు తెరిచేటప్పుడు కొన్నాడు. ఎవరో పాత స్టూడియో మూసేస్తూ ఫ్రేములు అమ్మేశారు. గోడ మీద పెద్దమనిషి ఉంటే పాత షాపులా కనిపిస్తుందని" అంది ఆవిడ.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"అడిగావా?" అంది.

తమ్ముడూ, మందుల షాపాయన మొహం చూడాల్సింది. ముందు నవ్వింది చిట్టి. ఆ తర్వాత అబ్బాయి తల్లి నవ్వు మొదలుపెట్టి, ఆపుకోలేక నా భుజం మీద వాలిపోయింది. ఇన్ని రోజులూ బావగా ఉన్న మనిషి మళ్ళీ వియ్యంకుడయ్యాడు. పెళ్ళి నీ సెలవుల్లోనే, వంట నీదే.

ఇంటికొచ్చి నాదాని వెనక కాగితం చింపాను. లోపల అదే ముద్ర. అన్నిటినీ తిరగేసి చూసే నేను ఈ ఒక్కదాన్ని అసలు కాగితమని వదిలేశాను చూడు.

పై అంతస్తుకి వెళ్ళి పిన్నిగారికీ నిజం చెప్పేశాను. మూతి మూడు వంకర్లు తిప్పారు, మర్నాడే కుట్టుకూలి దగ్గర బేరమూ మొదలుపెట్టారు. ఇక ఆయన్ని దించేయాలి. ఎవరో పాపం, ఎవరి తాతో, రెండిళ్ళ గోడల మీద ఊరికే నిలబడ్డాడు. నాలుగు రోజులుగా స్టూలు వేసుకుని ఎక్కుతున్నాను, మళ్ళీ దిగుతున్నాను. చెయ్యి రావడం లేదు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ రెండు ఉత్తరాలూ ఈ రేవులో ఒకేసారి అందాయి. కంగారూ, ఊరటా ఒకే పూటలో తిన్నాను.

ముందు స్టూలు దిగు. దిగి, దాని మీదే కూర్చుని ఇది చదువు.

నువ్వు పంపిన ఫోటో వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన అంటించాను. మెకానిక్కు టీకి వచ్చి చూసి, "మీసం ఎప్పుడు పెంచావు? ఆ కోటు ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నావు?" అన్నాడు. నేనూ నవ్వాను. తర్వాత నా ఓడ గుర్తింపు కార్డు తీసి పక్కన పెట్టి చూశాను. అక్కా, పుట్టినప్పటినుంచి నేను తుమ్మబోతున్నట్టు లేని ఫోటో ఒక్కటైనా ఉందా? నీ పెళ్ళి ఫోటోల్లో చూడు.

అప్పుడు, నువ్వు రాసిన ఆ స్టూడియో ముద్రతో కలిపి చూస్తే, చిన్నప్పుడు అమ్మమ్మ ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తాత ఆఫీసరు కాదు. ఫోటో స్టూడియోలో తలుపు తీసేవాడు, తెరలు మార్చేవాడు. కొత్త ఫ్రేములు వస్తే ఓనరు తన కోటే ఈయనకి తొడిగి కుర్చీలో కూర్చోబెట్టేవాడట. ఓనరు లావు, తాత బక్కపలచన. అందుకని తడి ఫోటోలు ఆరేసే క్లిప్పులు తెచ్చి కోటుకి వెనక బిగించేవాడట. ముందునుంచి చూసి నువ్వు పట్టేశావు. తుమ్మొచ్చినా కదలకూడదని ఓనరు కేకలేసేవాడట. కొనేవాళ్ళు చూసుకోవడానికి ఆ ఫోటోలు ఫ్రేముల్లో పెట్టి బయట వరసగా తగిలించేవాడు. అమ్మ చెప్పింది కూడా అబద్ధం కాదు చూడు. కోటు నిజమే, కుర్చీ నిజమే, కోటు ఆఫీసులోనే ఉండటమూ నిజమే.

"ఒక ఫోటో ఇంటికి తెచ్చుకోవచ్చుగా" అని అమ్మమ్మ అడిగితే, "ఇంట్లో నేనే ఉంటే ఫోటో ఎందుకు?" అనేవాడట. ఆ తర్వాత ఆయన లేడు, స్టూడియో మూసేశారు, ఫోటోలతో సహా ఫ్రేములు అమ్ముడుపోయాయి. బఠాణీలు ఒలుస్తూ అమ్మమ్మ నాతో ఎప్పుడూ ఒకే మాట అనేది. "మీ తాత ఊళ్ళో అందరి గోడల మీదా ఉన్నాడురా, మన గోడ మీద తప్ప." పోయినవాళ్ళ గురించి ముసలివాళ్ళు అలాగే మాట్లాడతారనుకున్నాను. చిన్నవాణ్ణి, ఎక్కడున్నాడని అడగలేదు.

నేను బాగా ఏడ్చానక్కా. మెకానిక్కు చూస్తే ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పాను. ఆ రోజు వంటలో ఉల్లిపాయే లేదు.

మన తాత మందుల షాపుకి పెద్దరికం ఇచ్చాడు, నీ కుట్టుకూలి నిలబెట్టాడు, చేయని రెండో కాపురం నింద కూడా మోశాడు, చివరికి చిట్టి పెళ్ళి కుదిర్చాడు. ఇప్పుడు నువ్వు మళ్ళీ పై అంతస్తు ఎక్కి, "కాదండీ, ఈయన మా తాతేనండీ" అని పిన్నిగారికి చెప్పాలి. ఎలా చెబుతావో నీ తిప్పలు నువ్వు పడు. ఆయన్ని మాత్రం దించకు. ఊరందరి గోడలూ తిరిగి ఇప్పుడే ఇంటికొచ్చాడు.

తాత మొహంతో,
నీ తమ్ముడు

ఇంకో మాట. సంతలో అలాంటి ఫ్రేము మళ్ళీ కనిపిస్తే నా కోసం తీసుకో. ఈసారి బేరమాడకు.