ఉల్లిపొర రంగు గోడ

అరోరా, అమెరికా,
శనివారం.

శేషమ్మకి,

రాఘవులు ఆశీస్సులతో రాసే సంగతులు. ఇక్కడ నేను, చంద్రిక, అల్లుడు, మనవరాలు అవని అందరం కులాసా. చీరాలలో నువ్వూ నీ కుట్టు మిషనూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. ఇక్కడ మా వీధి చివర ఉండే నరసింహ సోమవారం ఒంగోలు వస్తున్నాడు, అతని చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఇక్కడ నీ ఫోన్ వస్తే స్పీకర్‌లో పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. ఇది అందరిలో చెప్పుకునే సంగతి కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. గోంగూర పచ్చడి సీసా కారలేదు, వచ్చిన నాలుగో రోజుకే ఖాళీ అయింది. "అల్లుడింట్లో నోరూ చెయ్యీ అదుపులో పెట్టుకుంటున్నారా?" అని కూడా రాశావు. దానికి జవాబు కొంచెం పెద్దది, కాస్త ఓపిక పట్టు.

కొత్త ఇల్లు ఎలా సర్దిందన్నావు. సర్దడం కాదు, మీ అమ్మాయి పరీక్షకి చదువుతోంది. ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, చేతిలో టేపుతో గదులన్నీ తిరుగుతుంది. సోఫాని గోడకి అతికించకూడదట, జానెడు ముందుకి లాగాలట. తివాచీ చిన్నదైతే గదే చిన్నదిగా కనిపిస్తుందట, అందుకని సోఫా ముందుకాళ్ళు దాని మీదికి రావాలట. మీ అమ్మానాన్నల ఫోటోని నేను మన అలవాటు ప్రకారం పైకప్పు కిందే తగిలించాను. "వాళ్ళని అంత పైకి ఎందుకు ఎక్కించావు నాన్నా? కళ్ళకి ఎదురుగా ఉండాలి," అని కిందికి దించింది. ఇప్పుడు మీ నాన్న పొద్దున్నే సూటిగా నా కళ్ళలోకే చూస్తున్నాడు. రెండో కప్పు కాఫీ తాగాలంటే బెదురుగా ఉంది.

ఒకరోజు, "గదిలో రంగులు అరవై, ముప్పై, పది పాళ్ళలో ఉండాలి నాన్నా. అదీ రూల్," అంది. నాకు నవ్వాగలేదు. "దానికి కంప్యూటర్ ఎందుకే? చీరలో ఒళ్ళు అరవై, కొంగు ముప్పై, అంచు పది. ముప్పై ఎనిమిదేళ్ళు ఇదే కదా అమ్మాను!" అన్నాను. అది నా వంక చూసి, "అరే, నిజమే!" అంది. ఆ ఒక్క మాటకి నేను రెండు రోజులు పొంగిపోయాను. అప్పట్నుంచి మా ఇద్దరి లెక్కలో గోడల వెన్న రంగు ఒళ్ళు, సోఫా కర్టెన్లు కొంగు, దిండ్లు దీపాలు అంచు.

హాల్లో ఒక గోడ మాత్రం అలాగే వదిలేసింది. గుమ్మంలో అడుగుపెట్టగానే కన్ను ఆగే గోడ అది. దాన్ని ఫోకల్ పాయింట్ అంటారట. నేను పనిచేసిన చీరల కొట్లో అద్దాల వెనక బొమ్మకి కట్టే చీర లాంటిదనుకో. మూడు నెలల నుంచి దాని మీద రంగుల కాగితాలు అంటించడం, పీకెయ్యడం. "మనసులో ఒక రంగు ఉంది నాన్నా. ఇంగ్లీషులో దాన్నేమంటారో తెలియట్లేదు. దొరికేదాకా ఆ గోడ ఎవరూ ముట్టుకోవద్దు," అంది.

ముట్టుకున్నాను శేషమ్మా.

ఆ రంగేమిటో నాకు తెలుసు. ఉల్లిపొర, లేత గులాబీ. దాని పెళ్ళి చీరలు తీసేటప్పుడు మా కొట్లో ఒక ఉల్లిపొర రంగు పట్టుచీర భుజాన వేసుకుని అద్దం ముందు నుంచి కదలలేదు, గుర్తుందా? "పెళ్ళికూతురు వెలిసిపోయినట్టు ఉంటుంది," అని నేనే తీయించేసి మిరపపండు ఎరుపు కట్టించాను. ఆ గోడ చూసినప్పుడల్లా ఆ అద్దమే గుర్తుకొచ్చి మనసు ఊరుకోలేదు. పోయిన శనివారం చంద్రిక పాపని డాన్స్ క్లాసుకి తీసుకెళ్ళి, అటునుంచి రేష్మ అనే స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్ళింది. నేను అల్లుడిని పట్టుకున్నాను. "ఫణీ, ఉల్లిపొర రంగు కావాలి. నాకు ఇంగ్లీషు పేరు తెలీదు బాబూ."

"పేరెందుకు మామయ్యగారూ? రంగుల కొట్లో ఏది చూపించినా స్కాన్ చేసి అదే కలర్ మిక్స్ చేసి ఇస్తారండీ," అని అతను వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయ పొర ఒలిచి, ప్లాస్టిక్ సంచిలో వేసుకుని వెళ్ళాడు. ఎంత తెలివైన కుర్రాడో అని మురిసిపోయాను. ఈ దేశంలో ఉల్లిపాయలు పసుపుపచ్చవి కూడా ఉంటాయనీ, వాటి పొర ఎండుటాకు రంగనీ నాకు తట్టలేదు.

డబ్బా మూత తీయగానే అల్లుడు, "కొంచెం బ్రౌన్‌గా లేదాండీ?" అన్నాడు. అప్పుడైనా ఆగాల్సింది. "తడి మీద ఏ రంగూ తేలదు బాబూ. అద్దకం నూలు ఎన్ని చూడలేదు నేను! ఆరనీ, గులాబీ బయటికొస్తుంది," అన్నాను. పెద్దవాణ్ణి కదా, నమ్మాడు. గోడంతా రెండు పూతలు వేశాం. ఆరింది. ఆరేకొద్దీ ఇంకా ముదిరింది.

సాయంత్రం తలుపు తెరవగానే ముందు అవని అరిచింది. "తాతా, వాల్ మొత్తం పీనట్ బటర్ పూశావా?"

చంద్రిక చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంత వయసొచ్చినా నా బిడ్డ ముందు అంత భయం వేయడం అదే మొదటిసారి. "ఏం రంగు నాన్నా ఇది?" అంది.

"ఉల్లిపొర," అన్నాను.

గోడ వంక చూసింది, వంటింట్లో ఉల్లిపాయల బుట్ట వంక చూసింది. అంతే, తివాచీ మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. అందులో కొన్ని నవ్వు నీళ్ళు కావని నాకు తెలుస్తూనే ఉంది. "నీకు ఆ చీర ఇంకా గుర్తుందా? మర్నాడు నేను మళ్ళీ అడిగితే అమ్ముడుపోయిందన్నావుగా," అంది. నేను కుంచెలు కడగాలంటూ సింకు వైపు తప్పుకున్నాను.

అది అమ్ముడుపోలేదు శేషమ్మా. నువ్వు దానికి వత్తాసు పలుకుతావని నీతోనూ అదే అబద్ధం చెప్పాను. పెళ్ళయి పిల్ల అత్తారింటికి వెళ్ళిన వారానికి ఆ చీర మళ్ళీ నా చేతికి తగిలింది. కొట్టు యజమాని బొమ్మకి కట్టమన్నారు. కట్టలేకపోయాను, నేనే కొనుక్కున్నాను. ఇస్తే అబద్ధం బయటపడుతుందని పదకొండేళ్ళు దాచాను. నీ కుట్టుగుడ్డల మూట కింద ఉన్న ట్రంకు పెట్టెలో, నా స్వెట్టర్ల అడుగున, తెల్లపంచెలో చుట్టి ఉంది. తాళం పంచాంగం వెనక మేకుకి ఉంది. కోపం వస్తే వచ్చింది గానీ స్పీకర్‌లో మాత్రం తిట్టకు.

పెళ్ళిళ్ళ జాకెట్లు పూర్తిచేసుకుని వచ్చే నెల వస్తున్నావు కదా, ఆ చీర తీసుకురా. "అమ్మ వచ్చేదాకా గోడ ఇలాగే ఉండనీ, చూసి నవ్వుకుంటుంది," అంది చంద్రిక. చీర దాని చేతిలో నేనే పెడతాను, అబద్ధం సంగతి కూడా నేనే చెబుతాను. కట్టుకుంటుందో, కొంగు చివర రంగుల కొట్లో చూపించి గోడకి వేయిస్తుందో దాని ఇష్టం. నేను మాత్రం నోరెత్తను.

ఆ చీరకి జాకెట్టు నువ్వే కుట్టి తీసుకురా. కొలతకి చంద్రిక జాకెట్టు ఒకటి ఈ కవరుతో పంపుతున్నాను. బీరువాలోంచి అడక్కుండానే తీశాను. ఈ ఇంట్లో అడక్కుండా ఏదైనా ముట్టుకోవడం ఇదే ఆఖరు.

ఇట్లు,
చంద్రిక వాళ్ళ నాన్న