మొదటి పీరియడ్

టీచరు గారికి నమస్కారాలు.

మా అమ్మాయికి హాజరు చాలదని, ఇలాగైతే ఈ ఏడు హైస్కూలు పూర్తి కాదని నిన్న మీరు ఫోనులో చెప్పారు. తప్పు దానిది కాదండీ, నాది. వాళ్ళమ్మకు ఆపరేషన్ అయినప్పటి నుంచి, తల్లికి స్నానం చేయించి, మందులిచ్చి బడికి వెళ్ళమన్నాను. పొద్దున్నే నేను బేకరీ తెరవాలి. మొదటి పీరియడ్ పోయినా మిగతా రోజంతా బడిలోనే ఉంటుంది కదా అనుకున్నాను. ఆలస్యంగా వస్తే ఆ పూటంతా రానట్టే లెక్కని మీరు తల్లిదండ్రుల మీటింగులో చెప్పినప్పుడు నాకు సగమే అర్థమైంది. అడిగితే నలుగురూ నవ్వుతారని తలూపి వచ్చేశాను.

మీ ఫోను పెట్టేశాక దాన్ని అడిగాను.

"ఇంట్లో పని ఉందని టీచరుతో చెప్పలేదేమ్మా?"

"నిన్నేమైనా అంటారని, నేనే లేవలేకపోతున్నానని చెప్పా నాన్నా."

సిగ్గుతో దాని మొహం చూడలేకపోయాను.

ఇవాళ మా అక్కయ్య వచ్చి ఇంట్లో ఉంది. అమ్మాయి మొదటి పీరియడ్‌కి అందేలా బయలుదేరింది. పోయిన హాజరు పూడ్చుకునే దారి ఉంటే నాకు అర్థమయ్యేలా చెప్పండి, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. దాన్ని మాత్రం బద్ధకస్తురాలని అనుకోకండి. మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది అదే.

ఇట్లు,
ఆ పిల్ల తండ్రి